ఎవలకు అని అడిగే మా యారాలు

మా యారాలు పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను పప్పుకు పోపు వేస్తున్నాను. మా ఆయన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వంటింటి గడపలో నిలబడి, "వదిన పోయిందట" అన్నాడు. అప్పటికే యాప్‌లో రెండు ఆర్డర్లు వచ్చి ఉన్నాయి. ఆ రెండూ కట్టి, డెలివరీ అతని చేతికిచ్చి, అప్పుడు బంద్ బటన్ నొక్కాను. ఈ సంగతి రాయకపోయినా మీకెవరికీ తెలియదు. కానీ ఆమె గురించి రాస్తూ నన్ను నేను మంచిదాన్ని చేసుకుంటే ఎక్కడున్నా ఆమెకు నవ్వొస్తుంది.

యారాలంటే తోడికోడలు. మా ఆయన అన్న భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇరవై రెండేళ్ళ కిందట నేను కాపురానికి వచ్చేనాటికే ఆమె ఈ ఇంట్లో పాతబడిపోయింది. చివరి ఆరేళ్ళూ ఒకే ఇంటిని రెండు ముక్కలు చేసిన గోడకు ఆమె అటు, నేను ఇటు. ఇద్దరం వండి అమ్మేవాళ్ళమే. ఆమె ఫోన్ మీద, నేను యాప్ మీద.

ఆ రోజు మధ్యాహ్నం ఆమెను ఇంటికి తెచ్చారు. కాశిబుగ్గలో మా గల్లీ ఎప్పుడూ చూడనంత మంది వచ్చారు. చుట్టాలు కాదు. ఆమె గిరాకీలు. బ్యాంకు ఉద్యోగం చేసే ఒకాయన చెప్పులు విడిచి మూల నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. హాస్టల్ ఆడపిల్లలు నలుగురు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. పక్క గల్లీ చాచీ బుర్ఖా ముసుగు పైకి తీసి, "నా మొగనికి షుగరొచ్చిందని నాకంటె ముందు యాదుంచుకున్నది ఈమెనే" అని అందరికీ చెబుతోంది. నేను శవం పక్కన కూర్చుని ఏడుస్తూనే వాళ్ళను లెక్కపెట్టాను. నేను పోతే ఎవరొస్తారు? యాప్‌లో నా కర్రీ పాయింట్ పేరు బూడిద రంగులోకి మారుతుంది. కింద ఇంకో పది కర్రీ పాయింట్లు చూపిస్తుంది. అంతే. నాకు ఆ చచ్చిపోయిన మనిషి మీద ఒళ్ళు మండింది.

అసూయ అన్న మాట నేనిక్కడ దాచుకోదలచుకోలేదు. మా ఇద్దరికీ వంట నేర్పింది ఒక్క అత్తే. చింతపండు ఎంత నానాలో, పచ్చిపులుసులో ఉల్లిగడ్డను ఎంత గట్టిగా పిసకాలో, బగారన్నంలో నీళ్ళు ఏ గుర్తు దాకా పొయ్యాలో ఇద్దరం ఆమె పక్కన నిలబడే నేర్చుకున్నాం. మామ నేసిన మగ్గం తీసేశాక ఆ గుంట పూడ్చి, పైన బండలు పరిచి, ఆ గదిలోనే ఇద్దరం కలిసి కూరలమ్మడం మొదలుపెట్టాం. అప్పుడు గోడ లేదు. నా బిడ్డ తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు నా ఫోన్ తీసుకుని, ఫొటోలు తీసి, వివరాలన్నీ నింపి, "అమ్మా, ఇగ ఊరంత నీ చేతి కూర తింటది" అంది. అక్కను కూడా రమ్మన్నాం. ఆమె ఆ ఫొటోలు ఒక్కొక్కటే చూసి, "బొమ్మ సూసి తినెటోనికి నేనేం ఒండుత బిడ్డా? వాడెవడో నాకెర్కలేదాయె" అంది. కోపంగా కాదు. తనకు ఈత రాదని చెప్పినట్టు చెప్పింది. నేను మాత్రం దాన్ని నా మొహాన కొట్టినట్టే తీసుకున్నాను. ఏడాది తిరక్కముందే గది మధ్యలో గోడ లేచింది. లేపమన్నది నేనే.

ఆమె పని చేసే పద్ధతి చెబితే మీకు నవ్వొస్తుంది. మీటల ఫోన్ ఒకటి. చేతికి పిండో పసుపో అంటుకుని ఉంటే మోచేత్తో దాన్ని బల్ల అంచుకు జరిపి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునేది. హలో అనదు. "ఆఁ, చెప్పు" అనేది. అవతలి మనిషి బగారన్నం అనో, బెండకాయ పులుసు అనో మొదలుపెట్టేలోగా ఆమె అడిగే మొదటి మాట ఒక్కటే.

"ఎవలకు?"

ఏం కావాలి అని కాదు. ఎవలకు అని. మా ఆయన అయితే వదినను దవాఖాన చీటీల కౌంటర్‌లో కూర్చోబెట్టాలని ఎగతాళి చేసేవాడు. గోడకు చెవి ఆనించకుండానే నాకు అన్నీ వినిపించేవి. ఆనించి కూడా విన్నాను, అది వేరే సంగతి. ఒకసారి ఆ బ్యాంకు ఆయన ఫోన్ చేశాడు.

"అక్కా, చికెన్ ఫ్రై, బగారన్నం ముగ్గురికి."

"ఎవలకు?"

"మా మామ వచ్చిండు, ఘన్‌పూర్ నుంచి."

"మీ మామకు పండ్లు లేవంటివి గదనయ్యా మొన్న. ఫ్రై ఏం నములుతడు? గుడ్ల పులుసు పెడ్త, అన్నం జర మెత్తగ దించుత. నీకు ఫ్రై రేపు."

"సరే అక్కా" అన్నాడతను. డబ్బులిచ్చి తినే మనిషి, అడిగింది ఇవ్వనంటే సరే అన్నాడు! నేను ఒక చట్నీ మర్చిపోతే ఫోటో తీసి పెట్టి, స్టార్లు కోసి, డబ్బు వాపసు అడిగే లోకంలో నేనుండగా, నా గోడ అవతల ఈ రాజ్యం నడిచేది.

ఇంకొకటి, గిన్నెలు. ఆమె ప్లాస్టిక్ డబ్బాలు కొనలేదు. గిరాకీలు పొద్దున పనికి పోతూ ఎవరి గిన్నె వాళ్ళు ఆమె వాకిట్లో పెట్టి పోయేవాళ్ళు. మగ్గానిది మిగిలిన ఒక పొడుగాటి చెక్క గోడకు కొట్టించి దానిమీద వరుసగా పేర్చేది. స్టీలు క్యారియర్లు, సొట్టపడ్డ సత్తు గిన్నెలు, పెళ్ళిలో పేరు చెక్కించిన డబ్బాలు, చాచీ పంపే మూతగిన్నె. ఏది ఎవరిదో గుర్తు రాసుకోదు. సాయంత్రం ఎవరు గడపలో నిలబడితే వారి గిన్నె చేతికొచ్చేది. ఊళ్ళో వాళ్ళ గిన్నెలన్నీ ఆమె ఇంట్లో బోర్లించి ఉండేవి. నా వైపు ఒకదానిలో ఒకటి దూరిన తెల్ల డబ్బాల కట్టలు. ఒకరోజు ఆమె లేనప్పుడు వెనక వాకిలి నుంచి పోయి ఆ చెక్క ముందు నిలబడ్డాను. పోయినా ఫరవాలేదన్నట్టు ఎవరూ గిన్నెలు వదిలిపోరు. నమ్మకం ఉంటేనే పెడతారు. ఒక గిన్నెను వేలితో తోసి చూశాను, కింద పడలేదు, నేనే భయపడి ఇవతలికి వచ్చేశాను.

నేనూ ప్రయత్నం చేశాను. యాప్ వాళ్ళు కోసుకునే కమీషన్ పోతుందనీ, ఆమెలాగే జనం నేరుగా నన్నే అడుగుతారనీ, డబ్బాల మూతలమీద నా నంబరు స్టిక్కర్లు అంటించాను. మూడోరోజు ఒకాయన ఫోన్ చేశాడు. సరే, ఇదిగో ఇప్పుడు నా వంతు అనుకుని, గొంతు సవరించుకుని అడిగాను. "ఎవరికండీ?"

 "ఎవరికేందండీ, తినడానికి. ఆధార్ కార్డు కూడా పంపియ్యాల్నా?" అన్నాడు. తర్వాత యాప్‌కంటే ఎంత తక్కువకిస్తారని బేరమాడి, ఇవ్వనంటే పెట్టేశాడు. ఆ మాట ఆమె నోట్లోంచి వస్తే పలకరింపు, నా నోట్లోంచి వస్తే పోలీసు ఆరా. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. మిగిలిన స్టిక్కర్లు పొయ్యి కింద కాల్చేశాను.

నా కడుపుమంటకు ఇంట్లో వాళ్ళు కూడా నెయ్యి పోశారు. ఒక ఆదివారం మా ఆయన కనబడకపోతే వెతుక్కుంటూ వెనక వాకిలికి పోయాను. వదిన పీట వేస్తే కూర్చుని చింతచిగురు మటన్ తింటున్నాడు. అదే రోజు నేనూ చింతచిగురు మటనే వండాను. "రుచి చూస్తాన, గంతే" అన్నాడు. ఆ పూట అతనికి అన్నం పెట్టలేదు. పెట్టకపోతే నష్టం అతనికేమీ లేదు, కడుపు నిండే ఉంది.

ఇక మేం మాటలు మానేసిన సంగతి చెప్పాలి. పోయిన వానాకాలం నాకు విపరీతమైన జ్వరం వచ్చింది. కీళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయాను. మా ఆయన పని మీద ఏటూరునాగారం పోయాడు, బిడ్డ హాస్టల్‌లో ఉంది. యాప్ బంద్ పెట్టాలన్న సోయి లేదు. ఆర్డర్లు చూసుకోవడానికి కొన్న టాబ్లెట్ ఉందే, ఆర్డర్ ఒప్పుకునేదాకా మోగుతూనే ఉంటుంది. కళ్ళు మూసుకుని వింటున్నాను. మోగింది, ఆగింది. మళ్ళీ మోగింది, ఆగింది. జ్వరంలో కల అనుకున్నాను. రెండో రోజు సాయంత్రం లేచి చూస్తే నా పొయ్యి తుడిచి ఉంది, గిన్నెలు కడిగి ఉన్నాయి. నా ఆర్డర్లన్నీ ఆమె వండి పంపింది. ఏ బటన్ నొక్కాలో గల్లీలో పోతున్న డెలివరీ అతన్ని పిలిచి అడిగి నొక్కిందట.

దండం పెట్టాల్సిన చోట నేను టాబ్లెట్ తెరిచి స్టార్లు చూశాను. అన్నీ ఐదులు. ఒకడు రాశాడు, "టుడే టేస్ట్ సూపర్. డైలీ ఇట్లనే ఉంటే బాగుండు." ఆ డైలీ నేను. డైలీ వండేది నేను! గోడ పట్టుకుని ఆమె వాకిట్లోకి పోయాను.

"నా గిరాకి గుంజుకుందామనేనా అక్కా?"

ఆమె చింతపండు పిసుకుతోంది. తల ఎత్తింది. "ఏంది పిల్లా, జరం దిగలేదా? అది పసిపిల్ల ఏడ్చినట్టు మొత్తుకుంటాంది. నువ్వు లేవకపోతివి. ఎట్ల ఊకుందునే?"

"ఊకుంటే ఏమైతది? బంద్ అయితది. నిన్నెవరు ముట్టమన్నరు? ఇంకోసారి నా పొయ్యి ముట్టకు."

ఆమె చేతులు కడుక్కుంది. "సరే" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, రెండు రోజుల్లో తేలిపోయేది. ఆ సరే పట్టుకుని ఏడు నెలలు మాట్లాడుకోలేదు. నాకు ప్రతిరోజూ ఆ గడప ఎక్కి తప్పయిందక్కా అనాలని ఉండేది. ఎక్కబోతే ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని నవ్వుతూ దిగేవాళ్ళు. ఆ నవ్వు చూసి వెనక్కి తిరిగేదాన్ని.

చలికాలం వెళ్ళేటప్పుడు ఆమె కడుపులో గడ్డ అన్నారు. హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పెట్టారు. ఒక్కసారి పోయాను. నిద్రపోతోంది. మంచం కాళ్ళ దగ్గర కాసేపు నిలబడి, పండ్ల సంచి బావ చేతికిచ్చి వచ్చేశాను. నిజం చెబుతున్నాను, ఆమె వాకిట్లో గిన్నెలు లేని ఆ రోజుల్లో నా ఆర్డర్లు పెరిగాయి. నా మనసులో ఒక మూల సంతోషపడింది కూడా. ఆ మూలను ఇప్పుడు ఏం పెట్టి కడిగినా పోవడం లేదు.

అప్పుడే ఒక కొత్త గిరాకీ తగిలింది. ఎవరో ఆడమనిషి పేరు. రోజూ పదకొండున్నరకు ఒకటే ఆర్డర్. పప్పు, పచ్చిపులుసు, అన్నం. కింద రాసేది, "అన్నం మెత్తగా. పోపులో ఎండుమిర్చి తీసేయండి." ఎక్కడికి అని అడిగితే డెలివరీ అతను "దవాఖానకక్కా" అన్నాడు. ఈ ఊళ్ళో గల్లీకొక దవాఖాన. ఏ దవాఖాన అని నేను అడగలేదు. రోజూ తెప్పించుకుంటుంది కదా, ఇచ్చింది మూడు స్టార్లు! మర్నాడు మళ్ళీ మూడే. పైగా "ఉప్పు జర తక్కువైంది" అని ఒక ముక్క. నేను మా ఆయన మీద అరిచాను.

"ఎవతె ఇది? బాగలేకుంటే రోజు ఎందుకు తెప్పిచ్చుకుంటాంది?"

"ఆకలైతాందేమో" అన్నాడు.

పంతం పట్టింది నాకు. ఐదు పెట్టించుకుని తీరాలి. ఆ ఒక్క ఆర్డర్‌కు అన్నం వేరే గిన్నెలో వండాను. పచ్చిపులుసు ఐదు నిమిషాలు ఎక్కువ ఊరనిచ్చాను. ఎండుమిర్చి తీసేసి, జీలకర్ర మాత్రం నిలిపాను. ఎనిమిదో రోజు నాలుగు స్టార్లు వచ్చాయి. ఎంత సంబరపడ్డానంటే మా ఆయనకు చూపించి, నా బిడ్డకు ఫోన్ చేసి చెప్పాను. తర్వాత మూడు రోజులు నాలుగే. ఐదు రాలేదు. ఆపైన ఆర్డరే రాలేదు. డిశ్చార్జ్ అయి ఉంటుంది, ఇంటికి పోయి తన వంట తానే తింటోందిలే అనుకున్నాను. మరో రెండు రోజులకు మా ఆయన ఫోన్ పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

పదకొండో రోజు ఇంటి ముందు టెంటు వేసి భోజనాలు పెట్టాం. వంట నేనే చేశాను. చాలామంది తిని వెళ్ళాక ఒక ఆడమనిషి తన కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. బక్కపలచటి మనిషి, చేతిమీద సూదులు గుచ్చిన నల్ల మచ్చలు ఇంకా ఉన్నాయి. దవాఖానలో అక్క పక్క మంచం ఆమెదట. నన్ను చూసి, "మీరొకసారి వచ్చిండ్రు, నేను సూసిన. మీరు మెట్లు దిగినంక కండ్లు తెరిసింది" అంది.

కూతురు తన ఫోన్ తీసి నాకు చూపించింది. దాంట్లో నా కర్రీ పాయింట్ పేరు. వరుసగా పదకొండు ఆర్డర్లు.

"పెద్దమ్మనే పెట్టిచ్చింది. దవాఖాన తిండి ముట్టకపోయేది. 'మా అత్త చేతి పచ్చిపులుసు తెలిసింది ఇగ ఒక్కతే ఉన్నది, మా యారాలు. నేను అడిగిన్నంటే అది ఏడుస్తది, ఏడ్సుకుంట ఒండితే ఉప్పెక్కువైతది. నీ పేరు మీద తెప్పియ్యి' అన్నది. మేం పైసలియ్యద్దన్నా వినలే."

బావ అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. "చెప్పద్దని ఒట్టేపిచ్చుకున్నది" అన్నాడు నేల చూస్తూ.

"మరి మూడు స్టార్లేంది?" నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. సిగ్గులేని నోరు.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "నేను ఐదు పెడ్తనన్న ఆంటీ. ఒప్పలే. 'మూడే పెట్టు. ఐదు పెడ్తే రేపు సోయి లేకుంట ఒండుతది. దాని సంగతి నాకెర్కలేదా' అన్నది. నాలుగు పెట్టిన్నాడు మాత్రం వార్డంత చెప్పింది. నర్సమ్మలకు గూడ."

నేను కూలబడ్డాను. ఆమె తిన్నదా, ఎంత తిన్నది, చివరి రోజు కూడా తిన్నదా అని వరసగా అడిగాను. తల్లి నా పక్కన మెల్లగా కూర్చుంది.

"రెండు బుక్కలే దిగేటియి ఆమెకు. నాకేమొ రెండు చేతులకు సూదులాయె, కలుపుకోరాకపోయేది. మిగిలిందంత ఆమెనే కలిపి నాకు పెట్టేది. మా యారాలు ఒండింది, తిను, బలమొస్తది అనుకుంట. పచ్చిపులుసు ఎక్కువ పోసి, పప్పు జరంత ఒత్తి..."

చాలామంది మీద అసూయ పడ్డాను నేను. ఆ బ్యాంకు ఆయన మీద, హాస్టల్ పిల్లల మీద, చాచీ మూతగిన్నె మీద, నా మొగుడి మీద. అవన్నీ కలిపినా ఈ మనిషి మీద పుట్టినదానికి సాటిరావు. నేను వండినది, అక్క చేత్తో, ఈమె నోట్లోకి పోయింది. ఇరవై రెండేళ్ళలో నాకు ఒక్కసారి కూడా ఆ చేతి ముద్ద దక్కలేదు. ఆమె పెట్టలేదో, పెట్టబోతే నేనే మొహం తిప్పుకున్నానో, ఎంత గుర్తు చేసుకున్నా తేలడం లేదు.

"గింత బుక్క చేసేది" అంటూ ఆమె మచ్చలున్న చెయ్యి ఎత్తి, అయిదు వేళ్ళూ దగ్గరికి చేర్చి నా మొహం ముందు పట్టింది. అందులో ఏమీ లేదని తెలుసు. అయినా నా నోరు తెరుచుకుంది.